ముందు చదువుదాం, ఆ తర్వాతే పంపుదాం

2025 మార్చి 25 ఉదయం రాజమహేంద్రవరం శివార్లలో, కొంతమూరు దగ్గర రోడ్డు పక్కన పాస్టర్ ప్రవీణ్ పగడాల మృతదేహం కనిపించింది. హైదరాబాదు నుంచి మోటారు సైకిల్ మీద బయలుదేరిన ఆయన రాజమండ్రి చేరకుండానే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఏప్రిల్ 12న పోలీసులు అది రోడ్డు ప్రమాదమేనని ప్రకటించారు. ఆ మాటను అంగీకరించినవారు ఉన్నారు, అంగీకరించనివారూ ఉన్నారు. ఆ చర్చలోకి మేము ఇక్కడ వెళ్లడం లేదు. ఒక కుటుంబపు దుఃఖం మీద నిలబడి వాదించడం ఈ పేజీ పని కాదు. మరణానికీ ప్రకటనకూ మధ్య గడిచిన 18 రోజుల్లో మన చేతి వేళ్లు ఏం చేశాయన్నదే మా ప్రశ్న.

ఆ రోజుల్లో విశ్వాసుల ఫోన్లలోకి వచ్చిపడిన వీడియోలకు, వాయిస్ మెసేజ్‌లకు లెక్కలేదు. కొన్నింటికి ముందూ వెనకా లేదు. కొన్ని ఎప్పటివో, ఎవరు మాట్లాడినవో తెలియదు. అన్నిటి చివరా ఒకటే ఆజ్ఞ: దీన్ని అందరికీ పంపండి. ఒకవైపు సాటి మనిషి చావును వేళాకోళం చేసినవారు ఉన్నారు. మరొకవైపు, విచారణ ఇంకా మొదటి మెట్టు మీద ఉండగానే తీర్పు చెప్పేసినవారు మన బల్లల మీదే ఉన్నారు. ఆదివారం ఉదయం సత్యమే మార్గమని పాడిన నోళ్లు, ఆదివారం సాయంత్రానికి ఆ సత్యం కోసం ఒక్క గంట కూడా ఆగలేకపోయాయి.

ఇది మన సంఘాలకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. 2022 మే 24న అమలాపురం ఏమైందో కోనసీమవాసులు మరచిపోలేదు. కొత్త జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మీద మొదలైన ఆందోళన ఆ సాయంత్రానికి మంటలుగా మారింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు ఇంటర్నెట్టే ఆపవలసి వచ్చింది. మాట పుట్టే చోట అదుపు లేకపోతే, చివరికి ప్రభుత్వం తీగలు కత్తిరించి మనకు మౌనం నేర్పవలసి వస్తుంది. అలాంటి మౌనం ఎవరికీ మేలు చేయదు. మనంతట మనం నేర్చుకునే మౌనం వేరే ఉంది.

ఆ మౌనాన్ని మూడున్నర శతాబ్దాలకు పైగా సాధన చేస్తున్న ఒక చిన్న క్రైస్తవ సమాజాన్ని ఈ వారం పాఠకుల ముందుకు తేవాలనుకున్నాం. వారి పేరు మన ఊళ్లలో సూపర్ మార్కెట్‌కు వెళ్లే ప్రతి ఇల్లాలికీ తెలుసు. షుగర్ ఉన్నవారికి మరీ బాగా తెలుసు. ఓట్స్ డబ్బా మీద తెల్ల జుట్టుతో, వెడల్పాటి టోపీతో నవ్వుతూ కనిపించే పెద్దమనిషి ఉన్నాడే, ఆ క్వేకరే. తమాషా ఏమిటంటే, ఆ కంపెనీకీ క్వేకర్ల సమాజానికీ ఏ సంబంధమూ లేదు. క్వేకరంటే మాట తప్పనివాడు, కల్తీ చేయనివాడు అని జనం నమ్మేవారు కాబట్టి 1877లో అమెరికా వ్యాపారులు ఆ పేరు తమ సరుకుకు పెట్టుకున్నారు. ఒక సంఘానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? మన పేరు పెడితే సరుకు అమ్ముడవుతుందని మన ఊరి కిరాణా కొట్టు యజమాని ఎప్పుడైనా అనుకున్నాడా?

ఎగతాళి పేరును తలకెత్తుకున్నవారు

17వ శతాబ్దపు ఇంగ్లండులో జార్జి ఫాక్స్ అనే చెప్పులు కుట్టే పని నేర్చిన యువకుడు ఈ ఉద్యమానికి ఆద్యుడు. గురువుకూ విశ్వాసికీ మధ్య గోడ అక్కరలేదని, ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు పలుకుతుందని ఆయన బోధించాడు. 1650లో డర్బీ పట్టణంలో ఆయనను న్యాయాధికారి ముందు నిలబెట్టారు. దేవుని మాట ముందు వణకండి అని ఆయన చెబితే, ఆ అధికారి ఎకసెక్కంగా ఆయనకు 'వణికేవాడు' అని పేరు పెట్టాడు. క్వేకర్ అనే మాటకు అర్థం అదే. వాళ్లు తమను తాము 'స్నేహితులు' అని పిలుచుకున్నారు గానీ, ఎగతాళి పేరు వినబడినప్పుడు కేసులు పెట్టలేదు, రోడ్డెక్కలేదు. ఆ పేరును అలాగే మోశారు. వందేళ్లు తిరిగేసరికి అది నమ్మకానికి మారుపేరయింది.

ఇది మనకు కొత్త కథ కాదు. అంతియొకయలో శిష్యులకు మొట్టమొదట క్రైస్తవులనే పేరు వచ్చిందని అపొస్తలుల కార్యములు చెబుతుంది (11:26). ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు, ఊరివాళ్లు పెట్టింది. అందులో వెటకారం కూడా ఉండి ఉంటుందని వ్యాఖ్యాతలు చాలామంది భావిస్తారు. మనం ఈ రోజు గర్వంగా చెప్పుకునే పేరు ఒకప్పుడు వీధిలో ఎవరో నవ్వుతూ విసిరిన పేరు. అవమానాన్ని ఆభరణం చేసుకోవడం మన విశ్వాసపు పుట్టుకలోనే ఉంది.

క్వేకర్ల ఆరాధన చూసినవారికి మొదట అయోమయంగా ఉంటుంది. గదిలో బల్లలు వేసుకుని అందరూ కూర్చుంటారు. వేదిక ఉండదు, మైకు ఉండదు, పాట ఉండదు. అందరూ కలిసి మౌనంగా దేవుని కోసం కనిపెడతారు. ఎవరికైనా పలకవలసిన మాట ఉందని అంతరంగం గట్టిగా చెబితే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. ఆ మాట మీద వెంటనే ఇంకొకరు లేవకూడదు. మాటకూ మాటకూ మధ్య మళ్లీ మౌనం ఉండాలి, విన్నది లోపలికి దిగడానికి. క్వేకర్లందరూ ఇలాగే చేయరు. వారు అందరికంటే ఎక్కువగా ఉన్న కెన్యాలో పాటలు, ప్రసంగాలు ఉంటాయి. కానీ ఆ మౌన కూడికే వారి గుర్తు.

మన డెల్టాలోని చుట్టాలు

గోదావరి డెల్టాలో క్వేకర్ల సంఘం లేదు. వారి మిషనరీ రేచెల్ మెట్‌కాఫ్ 1866లో ఇండియాకు వచ్చారు గానీ, వారి పని నర్మదా తీరాన హోషంగాబాదు ప్రాంతంలో స్థిరపడింది. అయితే వారికి దగ్గరి చుట్టాలు మన దగ్గర ఉన్నారు. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ధవళేశ్వరంలో సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు, అక్కడికి వేలాదిగా చేరిన కూలీల మధ్య సువార్త చెప్పినవారూ వీరే. వీరు బ్రదరన్ సహోదరులు. సరిగ్గా ఆ 1830లలోనే ఇంగ్లండులో క్వేకర్లు ఒక వివాదంలో చీలిపోయి, కొందరు బ్రదరన్ కూడికల్లోకి వెళ్లారు. మేఘాలకు ఈ రోజుకూ శాస్త్రజ్ఞులు వాడే పేర్లు పెట్టిన లూక్ హోవర్డ్ కూడా ఆ వెళ్లినవారిలో ఉన్నాడు.

అందుకే నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పాత బ్రదరన్ మందిరంలో ఆదివారం రొట్టె విరిచే కూడికకు వెళ్లినవారికి క్వేకర్ల మౌనం పూర్తిగా వింతగా అనిపించదు. బల్ల చుట్టూ సహోదరులు కూర్చుంటారు. జీతం తీసుకునే బోధకుడు ఉండడు. ఒకరు లేచి కీర్తన సంఖ్య చెబుతారు, ఒకరు వాక్యం చదువుతారు, ఒకరు ప్రార్థిస్తారు. వాటి మధ్య కాసేపు ఏ శబ్దమూ ఉండదు. కిటికీలోంచి కొబ్బరాకుల చప్పుడు వినబడుతుంది. ఆ నిశ్శబ్దం మన డెల్టా క్రైస్తవ్యానికి దక్కిన ఆస్తి. ఇప్పుడు దాన్ని మనం సౌండ్ బాక్సులకు తాకట్టు పెడుతున్నాం. మందిరం ఇరవై అడుగులు, స్పీకర్లు పది అడుగులు. దేవుడు ఏలీయాతో గాలిలో, భూకంపంలో, మెరుపులో కాక మిక్కిలి నిమ్మళమైన స్వరంలో మాట్లాడాడని (1 రాజులు 19) మనమే బోధిస్తాం. ఆ ప్రసంగం కూడా మైకు పెంచి చెబుతాం.

ఒక తేడా చెప్పకపోతే న్యాయం కాదు. బ్రదరన్ కూడికలో మౌనం సహోదరులకు స్వచ్ఛందం, సహోదరీలకు నిర్బంధం. క్వేకర్లు మొదటి నుంచీ స్త్రీలు ఆత్మచేత ప్రేరేపింపబడితే సంఘంలో మాట్లాడవచ్చన్నారు. మార్గరెట్ ఫెల్ 1666లోనే దానిని సమర్థిస్తూ ఒక పుస్తకం రాసింది. అందరూ కలిసి ఎంచుకున్న మౌనం ఆరాధన. కొందరి మీద మోపిన మౌనం వేరు. మన మందిరాల్లో కుడివైపు బల్లల వాళ్లే మాట్లాడి, ఎడమవైపు బల్లల వాళ్లు వంటకూ కానుకకూ మాత్రమే పిలవబడుతుంటే, మనం మౌనం గురించి చెప్పే మాటలకు బరువు ఉండదు.

నువ్వు, మీరు, గారు

క్వేకర్లు నవ్వులపాలైన మరో సంగతి మన గోదావరి వాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది. ఆ కాలపు ఇంగ్లీషులో కూడా మనలాగే నువ్వు, మీరు అనే తేడా ఉండేది. పెద్దవాళ్లను 'మీరు' అని, చిన్నవాళ్లను 'నువ్వు' అని పిలిచేవారు. క్వేకర్లు న్యాయాధికారినీ జమీందారునూ కూడా 'నువ్వు' అన్నారు. వాళ్ల ముందు టోపీ తీయలేదు. దేవుని ముందు అందరూ ఒకటే అయినప్పుడు ఒకరికి ఎక్కువ మర్యాద, ఒకరికి తక్కువ మర్యాద ఎందుకన్నారు. దానికి దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు.

'ఆయ్', 'అండీ' లేకుండా మాట నడవని మన జిల్లాల్లో ఈ పద్ధతి పెడితే ఊళ్లో నిలవలేం. కానీ మన సంఘాలు అదే పనిని తలకిందులుగా చేశాయి. ఊరి నడిబొడ్డున 'ఒరేయ్', 'ఏమే' అని తప్ప పిలుపు ఎరగని మాలమాదిగ పేటల పెద్దలకు మన మందిరం 'గారు' ఇచ్చింది. కూలికి వెళ్లే తల్లి ఆదివారం నాడు 'అమ్మగారు' అయింది, పాలేరు 'సంఘ పెద్దగారు' అయ్యాడు. క్వేకర్లు పైవాళ్ల నుంచి మర్యాద తీసి సమానం చేస్తే, మన తాతలు కిందివాళ్లకు మర్యాద పెట్టి సమానం చేశారు. రెండిటిలో ఉన్న సువార్త ఒక్కటే.

అందుకే ఇప్పటి ఫ్లెక్సీలు చూస్తే మాకు దిగులేస్తుంది. రెవరెండ్, ఆ తర్వాత డాక్టర్, ఆ తర్వాత బిషప్, ఈమధ్య అపొస్తలుడు కూడా. బిరుదులు అయిపోయిన తర్వాత మిగిలిన జాగాలో చిన్న అక్షరాలతో యేసు నామం. పేటలో తల్లికి దక్కిన 'గారు' సమానత్వం. స్టేజీ మీద అయ్యగారి పేరుకు ముందు నాలుగు బిరుదులు ఆ సమానత్వానికి పట్టిన తుప్పు. చదివి సంపాదించిన పట్టాను మేము గౌరవిస్తాం. కొని తెచ్చుకున్న పట్టాను చూసి నవ్వుకునే హక్కు మాత్రం సంఘానికి ఉండాలి. మన దగ్గర అలా నవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఇక్కడే మనం నవ్వు సంగతికి రావాలి.

తమను చూసి తాము నవ్వినవారు

గోదావరి గట్టు తెలుగువారికి నవ్వడం నేర్పింది. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో రాజమండ్రిలో వివేకవర్ధని పత్రిక పెట్టి, దానికి తోడుగా హాస్య సంజీవని నడిపారు. ముసలివాడికి పసిపిల్లనిచ్చి పెళ్లి చేసే ఆచారాన్ని, లంచగొండి కచేరీలను ఆయన ప్రహసనాలు కడుపుబ్బ నవ్విస్తూ దులిపాయి. ఆయన నవ్వింది పక్క మతం వాళ్లను చూసి కాదు, తన కులంలోని, తన ఊరిలోని, తన పంక్తిలో కూర్చున్న పెద్దలను చూసి. అందుకే ఆ నవ్వుకు సంస్కరించే శక్తి వచ్చింది. 1881 డిసెంబరు 11న ఆయన రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించగలిగారంటే, అప్పటికి ఏడేళ్లుగా ఆ పత్రిక నేల దున్ని ఉంచింది.

ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 'గణపతి' రాసి నవ్వించారు. భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో బడిపంతులుగా ఉంటూనే ఫ్రెంచి నాటకకర్త మోలియేరును తెలుగు చేసి హాస్యబ్రహ్మ అనిపించుకున్నారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టరు పార్వతీశం మొగల్తూరు నుంచి బయలుదేరి ఇంగ్లండు దాకా తనను చూసి తానే నవ్వుకుంటూ వెళ్లాడు. వంద ఏళ్లయినా ఆ ప్రయాణం పాతబడలేదు.

ఇంత నవ్వు పండిన నేల మీద మన క్రైస్తవ హాస్యం ఎక్కడుంది? పాస్టరు గారి గంటన్నర ప్రసంగం మీద, కీర్తన మొదలుపెట్టడానికి పోటీపడే ఇద్దరు గాయకుల మీద, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషానికి నాన్నగారి లుంగీ కట్టుకునే పిల్లల మీద, సంఘ ఎన్నికల్లో మొదలై కోర్టు మెట్ల దగ్గర తేలే కమిటీల మీద ఒక్క మంచి హాస్య నవల మనకు ఉందా? ఇళ్లలో అందరం చెప్పుకుని నవ్వుకుంటాం. కాగితం మీదికి రాదు.

దీనికి కారణం భయమని మా అభిప్రాయం. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లం, బయట ఎవరైనా ఎత్తిచూపుతారేమోనన్న భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, దానికి కారణాలున్నాయి. కానీ మన తప్పులు చూసి మనమే నవ్వుకోకపోతే, ఇతరులు నవ్వినప్పుడు కోపం తప్ప మన దగ్గర మరో జవాబు మిగలదు. ఆ కోపం దగ్గరే వదంతి కాచుకుని ఉంటుంది. కోపంగా ఉన్నవాడికి ఏ వీడియో పంపినా నమ్ముతాడు.

బైబిలు నవ్వుకు దూరమైన పుస్తకం కాదు. శారా ముసలితనంలో నవ్వింది, ఆ నవ్వునే కొడుకుకు పేరు పెట్టారు. ఇస్సాకు అంటే నవ్వు. ప్రవక్తకు కనబడని దూత అతని గాడిదకు కనబడింది. యోనా ఒక మహానగరం బతికినందుకు సంతోషించక, సొరచెట్టు ఎండినందుకు అలిగాడు. దోమను వడగట్టి ఒంటెను మింగేవాళ్లని, తన కంటిలో దూలం పెట్టుకుని సహోదరుని కంటిలో నలుసు వెదికేవాడిని ప్రభువు చిత్రించిన తీరు చూడండి. వింటున్న జనం నవ్వకుండా ఉండి ఉంటారా? పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడని లూకా దాచకుండా రాశాడు (అపొ. కా. 20:9). అపొస్తలుడి ప్రసంగంలోనూ నిద్ర వస్తుందని రాసిపెట్టిన గ్రంథం మనది.

బలహీనుణ్ణి చూసి, కులం పేరు పెట్టి, ఒకరి రంగునూ యాసనూ చూసి నవ్వే నవ్వు గురించి మేము మాట్లాడటం లేదు. అది హాస్యం కాదు, కొట్టడానికి మరో పద్ధతి. మన యూట్యూబ్ ప్రసంగాల్లో పక్క మతం దేవుళ్ల మీద వేసే జోకులు కూడా ఆ కోవలోకే వస్తాయి. వాటికి చప్పట్లు పడవచ్చు గానీ, పొరుగువాడి ఇంట్లో మన సాక్ష్యం చచ్చిపోతుంది.

పుస్తకం చేతిలో ఉన్న మనిషి

క్వేకర్ల నుంచి నేర్చుకోవలసిన మూడో సాధన చదవడం, చదివినదాన్ని రాసుకోవడం. తమ అంతరంగాన్ని దినచర్యగా రాసే అలవాటు వారిలో మొదటి నుంచీ ఉంది. వాటిలో అమెరికాకు చెందిన జాన్ వూల్మన్ దినచర్య ప్రసిద్ధమైనది. ఆయన దర్జీ. బానిసత్వం పాపమని మనసుకు తోచిన తర్వాత ఆయన సభలు పెట్టి తోటి క్వేకర్లను తిట్టలేదు. బానిసలున్న ఇళ్లకు ఒక్కొక్కదానికీ వెళ్లి, ఇంటి యజమానితో నెమ్మదిగా మాట్లాడాడు. ఆ ఇంట్లో బానిసలు తనకు చేసిన సేవకు డబ్బు ఇచ్చి వచ్చాడు. 1772లో ఆయన చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సభ తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని తీర్మానించింది. అమెరికా దేశం ఆ పని చేయడానికి ఇంకో 89 ఏళ్లు, ఒక అంతర్యుద్ధం పట్టాయి. నెమ్మదిగా మాట్లాడేవాడు చేతకానివాడని అనుకునేవారికి ఈ లెక్క చెప్పండి.

అయితే క్వేకర్లు కూడా పుస్తకాల విషయంలో మొదటి నుంచీ విశాల హృదయులు కారు. చాలా కాలం నవలలు, నాటకాలు, సంగీతం ఆత్మకు హానికరమని తమ పిల్లలను వాటికి దూరంగా ఉంచారు. మన డెల్టాలోనూ నవల పాపమని, సినిమా నరకానికి దారి అని నేర్పిన తరం ఉంది. ఆ తరం భక్తిని మేము తక్కువ చేయం. వాళ్లు కనీసం బైబిలు అరిగిపోయేలా చదివారు. నవలను వదిలి, బైబిలునూ వదిలి, ముప్పై సెకన్ల రీలు చూసే తరానికి ఆ సాకు కూడా లేదు.

చదువు విషయంలో మన నేల పేదది కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు తూర్పు గోదావరి కొంకుదురులో పుట్టారు. 1914లో బెజవాడలో జరిగిన మొదటి ఆంధ్ర దేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షులు చిలకమర్తి వారే. ఆయనకు చిన్ననాటి నుంచి చూపు సరిగా లేదు. చివరకు తన స్వీయచరిత్రను ఇతరుల చేత రాయించారు. కళ్లు కనబడని మనిషి పుస్తకాల కోసం ఊళ్లను కదిలించాడు. వసురాయకవి, నాళం కృష్ణారావు గారల పుణ్యమా అని రాజమండ్రికి గౌతమీ గ్రంథాలయం దక్కింది. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. ఈ రోజు మనమందరం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. ఆ డబ్బు ఎక్కడికి పోతోందని అడగాలంటే ముందు మన ఊరి గ్రంథాలయం ఏ వీధిలో ఉందో మనకు తెలిసి ఉండాలి.

క్రైస్తవుడు ఏమి చదవాలని అడిగేవారికి మేము చిన్న జాబితా చెబుతాం. మందిరాల్లో మన బతుకులు కథగా మారడం చూడాలంటే జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' చదవండి. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన జాషువా గారు మనవారు. ఆయన 'గబ్బిలం' చదవకుండా మన పిల్లలు డిగ్రీలు పొందుతున్నారు. కోనసీమ మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారిని, రాజమండ్రి కుసుమ ధర్మన్న గారిని చదవండి. వీరేశలింగం గారి స్వీయచరిత్ర చదవండి; ఆయన మన మతస్థుడు కాదు గానీ, మనస్సాక్షి కోసం ఒంటరిగా నిలబడటం అంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. కోపం వచ్చిన రోజున 'బారిస్టరు పార్వతీశం' చదవండి.

ఇదంతా కొంతమూరుకూ అమలాపురానికీ ఏం సంబంధమని అడగవచ్చు. సంబంధం ఉంది. రెండు వందల పేజీల పుస్తకం ఓపికగా చదివిన మనిషికి, మొదటి పేజీలో దోషిగా కనబడినవాడు చివరి పేజీలో అలా మిగలకపోవచ్చని తెలుస్తుంది. మొదట మాట్లాడినవాడు న్యాయవంతుడిగా కనిపిస్తాడని, పొరుగువాడు వచ్చి పరిశోధించేదాకా ఆగమని సామెతల గ్రంథం చెబుతుంది (18:17). బెరయవారు పౌలు చెప్పిన మాటను కూడా లేఖనాలు తిరగేసి పరీక్షించారు (అపొ. కా. 17:11). పౌలునే పరీక్షించినవారు వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను పరీక్షించకుండా ఉంటారా? ఇదే సూత్రం అధికారుల ప్రకటనలకూ వర్తిస్తుంది. చదివేవాడు వదంతిని నమ్మడు, ప్రకటనను కూడా గుడ్డిగా నమ్మడు. పత్రం చూపించమని అడుగుతాడు. ఒక మరణం మీద న్యాయం అడగడం మన హక్కు, మన బాధ్యత. ఆ హక్కుకు బలం వచ్చేది ఆధారంతోనే. అబద్ధపు వీడియో ఒక్కటి పంపితే, నిజమైన ప్రశ్నలు వంద ఉన్నా అవి వినబడకుండా పోతాయి.

మాట్లాడకుండా ఊరుకోమని క్వేకర్లు ఎన్నడూ చెప్పలేదు. 1947 ఆగస్టులో కలకత్తాలో మతకల్లోలాల మధ్య గాంధీ గారి పక్కన ఉన్నవారిలో హోరేస్ అలెగ్జాండర్ అనే క్వేకరు ఒకరు. ఆ ఏడాదే బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవా సంఘాలకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మౌనంగా కూర్చోవడం తెలిసినవారే మంటల మధ్యకు వెళ్లగలిగారు.

క్వేకర్లకు సిద్ధాంతాల పట్టిక కంటే ప్రశ్నల పట్టిక ముఖ్యం. సంఘంలో వాటిని చదివి, ఎవరి మనస్సాక్షిని వారు వెదకడానికి మౌనంగా వదిలేస్తారు. ఆ పద్ధతిలోనే కొన్ని ప్రశ్నలు మా పాఠకుల ముందుంచుతున్నాం. వచ్చే ఆదివారం ప్రసంగం నుంచి పది నిమిషాలు తగ్గించి, వీటిని ఒక్కొక్కటిగా చదివి, జవాబు చెప్పకుండా కూర్చోమని సంఘ కాపరులను కోరుతున్నాం.

ఈ వారం నేను పంపిన మెసేజ్‌లలో చివరిదాకా చదివినవి ఎన్ని?

నేను పంపిన మాట ఎవరి గురించో, ఆ మనిషి నా ఎదుట కూర్చుంటే అదే మాట చెప్పగలనా?

ఈ నెలలో బైబిలు కాక ఒక పుస్తకం పూర్తిగా చదివానా? దాని గురించి నా పిల్లలతో మాట్లాడానా?

మా సంఘంలో ఎన్నడూ నోరు విప్పనివారు ఎవరు? వారు మౌనాన్ని ఎంచుకున్నారా, మనం వారి మీద మోపామా?

నన్ను చూసి నేను చివరిసారి ఎప్పుడు నవ్వాను?

వినడానికి వేగం, మాట్లాడడానికి నిదానం, కోపానికి మరీ నిదానం కావాలని యాకోబు రాసి రెండు వేల ఏళ్లవుతోంది (1:19). ఆయన కాలంలో ఫోన్లు లేవు, నాలుకలు మాత్రమే ఉన్నాయి. అప్పటికే ఆయనకు అంత భయం వేసింది. మన జేబులో ఉన్నదాన్ని చూస్తే ఆయన ఏమనేవాడో ఊహించుకుంటూ, దాన్ని కాసేపు పక్కన పెట్టి, ఒక పుస్తకం తెరుద్దాం.